యూవీ యంత్రం బిగించి వదిలేస్తే సరిపోదు

సంపాదకుల వారికి నమస్కారాలు.

వానలు మొదలైనప్పటి నుంచి మా పర్లాకిమిడిలో మీ పత్రిక మడతల్లో నీటిశుద్ధి యంత్రాల కరపత్రాలు తరచుగా వస్తున్నాయి. వాటిలో చాలా వరకు అతినీలలోహిత కిరణాలతో, అంటే అందరూ యూవీ అని పిలిచే కాంతితో పనిచేసే యంత్రాలవే. క్లోరిన్‌కు లొంగని క్రిములనూ, మందులకు లొంగని క్రిములనూ క్షణాల్లో హతమారుస్తుందని వాటి మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేస్తున్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే ఆ నిజం ఎంతవరకు, ఏ షరతుల మీద అన్నది కరపత్రంలో ఉండదు, కొన్న తరువాత చెప్పేవారూ ఉండరు. కళాశాలలో జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. గజపతి, రాయగడ జిల్లాల్లో బడులకూ వసతి గృహాలకూ ఈ యంత్రాలు చేరుతున్న ఈ సమయంలో కొన్ని సంగతులు మీ పాఠకుల ముందుంచడం అవసరమనిపించి రాస్తున్నాను. యంత్రాలు వద్దని నా వాదన కాదు. వాటి ఆలనాపాలనా ఎవరిదో తేల్చకుండా గోడకు బిగించడం, బిగించారు కదా అని ట్యాంకులో బ్లీచింగ్ కలపడం మానేయడం, ఈ రెండూ కలిస్తే మునుపటి కంటే ప్రమాదమని మాత్రమే చెప్పదలచుకున్నాను.

మన ప్రాంతంలో తాగునీటి క్రిమిసంహారం అంటే ఇప్పటికీ బ్లీచింగ్ పౌడరే. కలరా, టైఫాయిడ్ కలిగించే బాక్టీరియా మీద అది నిమిషాల్లో పనిచేస్తుంది. 2007లో రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలోనూ, పక్కనున్న కొరాపుట్, కలహండి జిల్లాల్లోనూ కలరా ప్రబలి ఎన్నో ప్రాణాలు తీసింది. 2022 వర్షాకాలంలో కాశీపూర్ ప్రాంతంలోనే అది మళ్లీ తలెత్తింది. అటువంటి చోట మొదటి అవసరం క్లోరినే, ఇందులో వాదనకు తావు లేదు. కాని క్లోరిన్‌ను లెక్కచేయని జీవులూ నీటిలో ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది క్రిప్టోస్పోరీడియం అనే ఏకకణ పరాన్నజీవి. ఇది దూడల పేడలోనూ, మనుషుల మలంలోనూ నాలుగు నుంచి ఆరు మైక్రాన్ల పరిమాణంలో గట్టి కోశంగా బయటికి వస్తుంది, తొలి వానలకు వాగుల్లోకి కొట్టుకుపోతుంది, నీటితో పాటు మన కడుపులో చేరి నీళ్ల విరేచనాలు కలిగిస్తుంది. ఆరోగ్యవంతుడికి అది ఒకటి రెండు వారాల బాధ. చంటి బిడ్డలకూ, రోగనిరోధక శక్తి క్షీణించినవారికీ ప్రాణగండం.

దీని మొండితనం అర్థం కావాలంటే ఒక లెక్క చూడాలి. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము క్లోరిన్ నిలిపి ఉంచి, ఈ కోశాల్లో వెయ్యింటికి 999 నిర్వీర్యం కావాలంటే, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ చెప్పే ప్రకారం 15,300 నిమిషాలు, అంటే పదిన్నర రోజులు ఆగాలి. తాగునీటికి మన జాతీయ ప్రమాణమైన ఐఎస్ 10500 కుళాయి దగ్గర ఉండాలనే కనీస క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు. ఆ మోతాదుతో లెక్కవేస్తే యాభై రోజులు దాటిపోతుంది. ఎవరి ఇంటి ట్యాంకులో నీరు అన్నాళ్లు నిలుస్తుంది? 1993 మార్చి, ఏప్రిల్ నెలల్లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో జరిగింది ఇదే. మిషిగన్ సరస్సు నుంచి తెచ్చి, వడగట్టి, క్లోరిన్ కలిపి, బాక్టీరియా పరీక్షల్లో నెగ్గిన నీరు తాగి సుమారు నాలుగు లక్షల మంది జబ్బు పడ్డారు. వడపోత సరిగా జరగక నీటిలో కొద్దిగా పెరిగిన కలక తప్ప ముందస్తు హెచ్చరిక అంటూ మరొకటి లేదు.

యూవీ కాంతి విలువ తెలిసింది ఇక్కడే. పాదరసపు ఆవిరి దీపం నుంచి వెలువడే 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కిరణం సూక్ష్మజీవి పైపొరను దాటి లోపలి డీఎన్ఏ వరకు పోతుంది, అక్కడ పక్కపక్కనున్న థైమిన్ అనే అణువులను ఒకదానికొకటి అతికించేస్తుంది. అతుకులు పడిన డీఎన్ఏ నకలు తీసుకోలేదు. నకలు లేకపోతే కణం రెండు కాలేదు, రెండు కాలేని క్రిమి మన పేగుల్లో వ్యాధి కలిగించలేదు. అంటే యూవీ చేసే పని చంపడం కంటే సంతానం లేకుండా చేయడం అనడం సరైనది. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లనే శాస్త్రవేత్తలు కూడా చాలా ఏళ్లు పొరబడ్డారు. రంగులు వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే కోశాలు బతికే ఉన్నట్టు కనిపించేవి కనుక, క్రిప్టోస్పోరీడియం మీద యూవీ పనిచేయదనే 1990ల చివరి వరకు అనుకున్నారు. తరువాత యూవీ సోకిన కోశాలను ఎలుక పిల్లలకు ఎక్కించి చూస్తే వాటికి జబ్బే రాలేదు. ఇప్పుడు అమెరికా పర్యావరణ సంస్థ నిబంధనల ప్రకారం చదరపు సెంటీమీటరుకు 12 మిల్లీజౌళ్ల మోతాదు పడితే ఆ వెయ్యింటికి 999 నిర్వీర్యమైనట్టే లెక్క. క్లోరిన్‌కు రోజుల తరబడి పట్టే పని సరైన యంత్రంలో కొద్ది సెకన్లలో అయిపోతుంది. మంచి యంత్రాలను 40 మిల్లీజౌళ్ల మోతాదుకు తయారుచేస్తారు.

ఇక మందులకు లొంగని క్రిముల మాట. 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో దిల్లీలో సేకరించిన 50 కుళాయి నీటి నమూనాల్లో రెండింటిలో, 171 మురుగు, నిలవ నీటి నమూనాల్లో 51టిలో ఎన్‌డీఎం-1 జన్యువు దొరికింది. అత్యవసరంలో వాడే కార్బపెనెమ్ తరగతి మందులను కూడా విరగ్గొట్టే ఎంజైమును తయారుచేసే జన్యువు అది. 2007లో మన పటాన్‌చెరు దగ్గర మందుల పరిశ్రమల వ్యర్థాలను శుద్ధిచేసి వదిలే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ బయటపడటమూ పాఠకులకు గుర్తుండవచ్చు. క్రిమి ఆ మందును విరగ్గొట్టినా, బయటికి నెట్టేసినా, ఆ విద్య యూవీ కిరణం ముందు పనికిరాదు. కిరణం నేరుగా డీఎన్ఏను తాకుతుంది, మందుకు లొంగినదా లొంగనిదా అని చూడదు. ఈ మేరకు కరపత్రం అబద్ధం చెప్పడం లేదు. అయితే క్రిమి నిర్వీర్యమైనంత మాత్రాన దానిలోని నిరోధక జన్యువు ముక్కలైపోదు. ఆ జన్యువును కూడా పాడుచేయాలంటే తాగునీటి యంత్రాల్లో వాడే మోతాదుకు ఎన్నో రెట్లు కావాలని పరిశోధనలు చెబుతున్నాయి. మందులకు లొంగని క్రిముల సమస్యను గోడకు వేలాడే పెట్టెతో తీర్చలేం. చీటీ లేకుండా మాత్రలు కొనుక్కుని, రెండు పూటలు వేసుకుని, జ్వరం తగ్గగానే మానేసే మన అలవాటు గురించి వేరే ఉత్తరం రాయవలసి ఉంటుంది.

యూవీకి లొంగనివీ ఉన్నాయి, అది కరపత్రంలో రాయరు. అడినోవైరస్ డీఎన్ఏలో పడిన అతుకులను అది చొరబడిన మన కణమే తన ఎంజైములతో విప్పిపెడుతుంది. అందువల్ల దాన్ని పదివేలకు ఒకటిగా తగ్గించాలంటే 186 మిల్లీజౌళ్లు కావాలి. ఇళ్లలోని యంత్రాలు ఆ మోతాదు ఇవ్వవు. అదే వైరస్ క్లోరిన్‌కు సులభంగా లొంగిపోతుంది. కొన్ని బాక్టీరియాకు కూడా పగటి వెలుతురు తగిలితే అతుకులు విప్పుకునే ఎంజైము ఉంది. చాలీచాలని మోతాదు పడిన నీటిని ఎండ తగిలే తెల్లటి డబ్బాల్లో నిలవ చేయకూడదనేది ఇందుకే. అన్నిటికంటే ముఖ్యమైనది, దీపం దాటి వచ్చిన నీటిలో రక్షణ ఏమీ మిగలదు. యంత్రం నుంచి గ్లాసు దాకా ఉన్న గొట్టం, డ్రమ్ము, చెంబు, చెయ్యి, వీటిలో ఏది మురికైనా నీరు తిరిగి చెడుతుంది. దాన్ని అడ్డుకునేది నీటిలో మిగిలి ఉన్న క్లోరిన్ మాత్రమే. న్యూయార్క్ నగరం రోజుకు 200 కోట్ల గ్యాలన్లకు పైగా నీటిని యూవీ కింద నడిపించే కేంద్రాన్ని కట్టుకుంది, అయినా క్లోరిన్ కలపడం మానలేదు.

ఇంతవరకు చెప్పినది పుస్తకాల్లో ఉన్నదే. మా ప్రాంతంలో ఈ యంత్రాలు ఏ స్థితిలో ఉన్నాయో కూడా చెప్పాలి. ఊరు పేరు అవసరం లేదు, ఒక బాలికల వసతి గృహం వారు పిలిస్తే వెళ్లాను. వరండా గోడకు స్టీలు పెట్టె ఉంది, దాని చిన్న కిటికీలో నీలి వెలుతురు ఉంది. పిల్లలకు విరేచనాలు తగ్గడం లేదు. దీపం వెలుగుతుండగా యూవీని కంటితో చూస్తే కళ్లు పోటెత్తి వాచిపోతాయి కనుక, స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, పెట్టె విప్పించాను. దీపం చుట్టూ ఉండే గొట్టం మామూలు గాజుది కాదు. మామూలు గాజు ఈ కిరణాలను దాటనివ్వదు కనుక దాన్ని క్వార్ట్జ్‌తో చేస్తారు. తళతళలాడవలసిన ఆ గొట్టం బోరు నీటిలోని ఇనుము పేరుకుని ఇటుక రంగుకు తిరిగి ఉంది. గోటితో గీస్తే పొడి రాలింది. నిమ్మఉప్పు కలిపిన నీటిలో కాసేపు నానబెట్టి మెత్తటి గుడ్డతో తుడిస్తే పోయే మడ్డి అది. కాని ఆ పని ఎవరూ ఎప్పుడూ చేసినట్టు లేదు. దీపం మీద తేదీ లేదు. ఈ దీపాలు ఎనిమిది, తొమ్మిది వేల గంటలు మాత్రమే సరైన శక్తితో పనిచేస్తాయి, అంటే రాత్రింబవళ్లు వెలిగిస్తే ఏడాది. ఆ తరువాత కూడా నీలంగా వెలుగుతూనే ఉంటాయి. ఆ నీలి రంగు మన కంటికి కనిపించే వేరే వెలుతురు, క్రిముల పని పట్టే కిరణం కంటికి కనిపించదు. వెలుగుతోంది కదా అని నమ్మి కూర్చోవడం ఇక్కడే ప్రమాదం.

అక్కడే మరో రెండు సంగతులు చూశాను. పెట్టెలోకి పోయే నీటి వేగాన్ని కట్టడి చేసే చిన్న బిళ్లను కుళాయి పనివాడు తీసేశాడు, ధార సన్నగా వస్తోందని పిల్లలు గొడవ చేశారట. క్రిమికి పడే మోతాదు కిరణ తీవ్రత మీద, నీరు దాని ఎదుట నిలిచే సమయం మీద ఆధారపడుతుంది. ధార రెండింతలైతే మోతాదు సగమవుతుంది. రెండోది కరెంటు. మంచి యంత్రాల్లో కరెంటు పోగానే నీటిని ఆపేసే వాల్వు ఉంటుంది. ఈ పెట్టెలో అది లేదు. పై ట్యాంకు నుంచి వచ్చే నీరు దీపం ఆరినా అదే కుళాయి గుండా దిగుతూనే ఉంటుంది. ఉక్కపోత రాత్రి కరెంటు పోయినప్పుడే పిల్లలకు ఎక్కువ దాహమవుతుందని వేరే చెప్పాలా? యంత్రం ఉందని చెప్పి ట్యాంకులో బ్లీచింగ్ కలపడం కూడా మానేశారు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. వాడకం పుస్తకం ఇంగ్లిష్‌లో ఉంది, గోడ మీద అతికించిన హెచ్చరిక ఒడియాలో ఉంది, వండిపెట్టే ఇద్దరూ తెలుగువారు, వార్డెను సవర అమ్మాయి. ఆ పుస్తకం విప్పి చదివే బాధ్యత ఎవరిదని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

వానాకాలంలో ఇంకో చిక్కు ఉంది. మహేంద్రతనయ, వంశధార, నాగావళి ఎరుపెక్కి పారే రోజుల్లో ఆ నీటిని వాడుకునే పథకాల నుంచి వచ్చే నీటిలో కలక తప్పదు. మట్టి రేణువు వెనుక దాగిన క్రిమికి చెట్టు చాటున నిలబడ్డ మనిషికి ఎండ తగలనట్టే యూవీ తగలదు. ఐఎస్ 10500 ప్రకారం తాగునీటి కలక 1 ఎన్‌టీయూ (కలకను కొలిచే ప్రమాణం) మించకపోతే మంచిది, వేరే ఆధారం లేనప్పుడు 5 దాకా ఒప్పుకోవచ్చు. పళ్లెం అడుగు కనిపించని నీటిని తిన్నగా యూవీ పెట్టెలోకి పంపడం కరెంటు దండుగ. ముందు వడపోత, తరువాత దీపం, ఆఖరున క్లోరిన్, ఈ వరస మారకూడదు.

ఇవన్నీ చూసి ఇది మన పల్లెలకు సాధ్యపడని సంగతి అనుకోవడమూ సరికాదు. 1992 చివర మద్రాసులో మొదట కనిపించిన ఓ139 రకం కలరా బంగాళాఖాతం తీరం వెంబడి కలకత్తా, బంగ్లాదేశ్ దాకా పాకినప్పుడు, అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో పనిచేస్తున్న అశోక్ గాడ్గిల్ అనే మన దేశపు శాస్త్రవేత్త పల్లెలకు పనికొచ్చే యూవీ పరికరం ఒకటి తయారుచేశారు. అందులో దీపం నీటిలో మునిగి ఉండదు. పళ్లెం లాంటి తొట్టిలో పారే నీటికి పైన వేలాడుతుంది కనుక క్వార్ట్జ్ గొట్టమే అక్కరలేదు, ఇనుము పేరుకునే బెడదే ఉండదు. సుమారు 60 వాట్ల కరెంటుతో నిమిషానికి 15 లీటర్ల నీటిని శుద్ధిచేస్తుంది. ఆ పరికరంతో నడిచిన నీటి కేంద్రాలు మన కృష్ణా జిల్లా పల్లెల్లో పెట్టారు. అక్కడ జీతమిచ్చి ఒక మనిషిని కూర్చోబెట్టి, నీటికి కొద్దిపాటి ధర కట్టి, ఆ సొమ్ముతో దీపాలు మార్చే ఏర్పాటు చేశారు. యంత్రం కంటే ఆ ఏర్పాటే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. పాదరసం లేని ఎల్‌ఈడీ యూవీ దీపాలు కూడా ఇప్పుడు వస్తున్నాయి, వేయగానే పూర్తి శక్తితో వెలుగుతాయి. ధర దిగితే కరెంటు పోతూ వస్తూ ఉండే మా కొండ ఊళ్లకు అవే నయం.

యూవీ పెట్టె ఉంటే నీటిలోని రసాయనాలూ పోతాయని ఈ సరిహద్దులో మరో అపోహ బలంగా ఉంది. ఉద్దానం మూత్రపిండాల జబ్బు భయంతో ఇచ్ఛాపురం నుంచి బరంపురం దాకా తెలుగు ఇళ్లలో చాలామంది ఏదో ఒక ఫిల్టరు కొన్నారు. ఆ జబ్బుకు కారణం ఇదమిత్థమని ఇంకా తేలలేదు. ఏది ఏమైనా ఫ్లోరైడు, ఆర్సెనిక్, సీసం, పురుగుమందు, ఉప్పు, ఇవేవీ యూవీతో పోవు. ఈ కాంతి పనిచేసేది సూక్ష్మజీవుల మీద మాత్రమే. రసాయనాల భయమున్నవారు ముందు నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించుకుని, దేనికి ఏ పద్ధతో తెలుసుకుని కొనాలి.

ఇక అధికారులకూ, యంత్రాలు దానం చేస్తున్న సంఘాలకూ నా విన్నపం. ప్రతి యూవీ పెట్టె పక్కన ఒక అట్ట వేలాడదీయించండి. దాని మీద దీపం వేసిన తేదీ, మార్చవలసిన తేదీ, గొట్టం తుడిచిన తేదీ, ట్యాంకులో క్లోరిన్ చూసిన తేదీ రాసే గళ్లు ఉండాలి, రాయవలసిన మనిషి పేరు ఉండాలి. ఆ అట్ట ఒడియాలోనూ తెలుగులోనూ, సవర గ్రామాల్లో సవరలోనూ ఉండాలి. యంత్రం కొనే రోజునే రెండేళ్ల దీపాల డబ్బు విడిగా పక్కన పెట్టాలి. కరెంటు పోతే నీరు ఆపే వాల్వు లేని యంత్రాన్ని కొనుగోలు పట్టికలోంచే తీసేయాలి. పాత దీపాల్లో పాదరసం ఉంటుంది కనుక వాటిని పెంటకుప్ప మీద పారేయకుండా తిరిగి తీసుకునే షరతు అమ్మేవారి మీద పెట్టాలి. జల్ జీవన్ మిషన్ కింద పల్లెల్లో శిక్షణ పొందిన మహిళల చేత నెలకోసారి యంత్రం దాటిన నీటిని హెచ్2ఎస్ సీసాలో పరీక్షించాలి. 1982లో మన దేశ శాస్త్రవేత్తలే వెలుగులోకి తెచ్చిన పరీక్ష అది. నీటిలో మలసంబంధ బాక్టీరియా ఉంటే సీసా నల్లబడుతుంది, చదువు రానివారికి కూడా తెలిసిపోతుంది. అయితే సీసా నల్లబడలేదని క్రిప్టోస్పోరీడియం కూడా లేదని అనుకోకూడదు. మిల్వాకీ నీరు కూడా బాక్టీరియా పరీక్షల్లో నెగ్గిన నీరే. యంత్రం చెడిపోయిన రోజున, కలక నీరు వచ్చిన రోజున, చంటి బిడ్డలకూ రోగులకూ బుడగలు తెర్లే దాకా మరిగించి ఒక నిమిషం ఉంచి చల్లార్చిన నీరే ఇవ్వాలి. ఆ మరుగుకు ఏ కోశమూ నిలవదు.

మీ పత్రికకు కూడా ఒక మనవి. సరిహద్దు జిల్లాల పేజీలో వానాకాలం నాలుగు నెలలూ వారానికోసారి, గజపతి, రాయగడ, గంజాం, కొరాపుట్ జిల్లాల్లోని బడులు, వసతి గృహాలు, ఆసుపత్రుల కుళాయి నీటి పరీక్షల ఫలితాలను, ఏ ఊరిదో, ఏ తేదీదో రాసి ప్రచురించగలరేమో ఆలోచించండి. జిల్లా ప్రయోగశాలల్లో ఆ పరీక్షలు జరుగుతూనే ఉన్నాయి, అడిగితే ఇవ్వవలసినవే. తెలుగులో అచ్చయితే తమ పిల్లల బడి నీరు ఎలా ఉందో చూసుకునే తల్లిదండ్రులు ఈ పక్క చాలామంది ఉన్నారు.

భవదీయుడు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర ఉపన్యాసకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా